ఏరు ఆగిన ఏడు

జూన్ ఆఖరి వారంలో సీడర్ ఫోర్క్ పారడం ఆగిపోయింది. ఎండిపోయిందనను. మా ఇంటి కింద వంపులో, సైప్రస్ చెట్ల వేళ్ళ మధ్య, పాత మిల్లు ఆనకట్ట వెనక గుంటలు గుంటలుగా నీళ్ళు మిగిలాయి. గుంటకీ గుంటకీ మధ్య సున్నపురాయి బయటపడి, మధ్యాహ్నం అటు చూస్తే కళ్ళు మండేవి. టెక్సస్ కొండల్లో మాకు కరువు కొత్త కాదు. కానీ ఏటి చప్పుడే లేకపోవడం, నేను కాపురానికొచ్చిన పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. పొద్దున్నే వంటగది కిటికీ తెరవగానే, ఇంట్లో ఎవరో లేనట్టుండేది.

మాది చేపల విడిది. గట్టు మీద ఆరు గదులు, ఒక భోజనాల సావిడి, నాలుగు పడవలు. గాలం సరదా ఉన్నవాళ్ళు హ్యూస్టన్ నుంచీ డాలస్ నుంచీ వచ్చి, నాలుగు రోజులుండి, బాస్ చేపలు పట్టి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసి వెళ్తారు. మా మామగారు హిల్మార్ ష్రాడర్ వాళ్ళని పడవల్లో తిప్పేవారు. నేను వండి పెట్టేదాన్ని. నా భర్త డెల్బర్ట్ పడమట చమురు బావుల దగ్గర పని చేస్తూ రెండు వారాలకోసారి ఇంటికొచ్చేవాడు. ఆ వేసవికి మామగారికి డెబ్బై ఎనిమిది నిండాయి. మోకాళ్ళు మొరాయించాయి. ఏరూ మొరాయించింది. గదులన్నీ ఖాళీ.

జూలై మొదట్లో వెర్నా పికెట్ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది, రబ్బరు బూట్లతోనే వరండా మెట్లెక్కింది. ప్రభుత్వ చేపల శాఖలో శాస్త్రవేత్త అట. మామగారు ఆవిణ్ణి సావిట్లో కూర్చోబెట్టారు. నేను చల్లటి టీ కలపడానికి లోపలికెళ్ళాను, చెవి మాత్రం అక్కడే వదిలి.

"ష్రాడర్ గారూ, వంతెన దగ్గర అరవై నాలుగు బాస్‌లు పట్టి, రెక్క చివర గోరంత ముక్క కత్తిరించి పరీక్షకి పంపాం" అంది వెర్నా. "ఒక్కటంటే ఒక్కటి కూడా అసలైన పచ్చ బాస్ కాదండీ. అన్నీ సంకరమే."

మామగారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. సంగతి ఆయనకి అర్థమైంది.

పచ్చ బాస్ మా ఏర్లలో ఆది నుంచీ ఉన్న చేప. పుస్తకాల్లో దాని పేరు గ్వాడలూప్ బాస్. జానెడు పొడవు, పచ్చటి వీపు, పక్కల వెంట వరసగా నల్లటి మచ్చలు. ఈ కొండల ఏర్లలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పుట్టదు. రాగి బాస్ అలా కాదు, అది ఉత్తరాది చల్లటి నీళ్ళ చేప, దీనికి రెండింతలు పెరుగుతుంది. 1977లో మామగారూ, ఆయన స్నేహితుడు ఎమిల్ వీట్, ఊళ్ళో గాలాల క్లబ్బువాళ్ళూ కలిసి టెనెసీ దాకా ట్రక్కు తోలుకెళ్ళి, పాల క్యాన్లలో మంచుగడ్డలు వేసి, నాలుగు వందల రాగి బాస్ పిల్లల్ని తెచ్చి మా వంపులో వదిలారు. అది తప్పని అప్పుడు ఎవరూ అనలేదు. పేపర్లో ఫొటో వేశారు. పదిహేనేళ్ళ పాటు చుట్టుపక్కల మా ఏటికున్నంత పేరు మరే ఏటికీ లేదు. సావిడి గోడకి బిగించిన ఐదు పౌండ్ల చేపని మామగారు ఆ రోజుల్లోనే పట్టారు.

ఆ తర్వాత జరిగింది అందరం చూశాం గాని ఎవరం నోరు విప్పలేదు. చేపలు రాగి రంగూ కాదు, పచ్చనా కాదు అన్నట్టు తయారయ్యాయి. రాగి బాస్ అంత పెరగవు, పచ్చ బాస్‌లా ఉరవడిలో పోరాడవు. గాలానికి తగిలితే తడిగుడ్డ లాగినట్టు వచ్చేసేవి. ప్రతి ఏడూ వచ్చేవాళ్ళు ఏడు విడిచి ఏడు రావడం మొదలెట్టారు. మామగారు పొలాల ఎరువుల్ని తిట్టేవారు. అవి చాలకపోతే కొంగల్ని తిట్టేవారు.

"పాలలో మజ్జిగ చుక్క పడ్డట్టేనండీ" అంటోంది వెర్నా. "ఈ రెండూ జతకట్టి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలు మళ్ళీ పచ్చవాటితో జతకట్టాయి. ముప్పై ఏళ్ళకి అసలుది మిగల్లేదు. మామూలప్పుడైతే చేసేదేం లేదు. ఇప్పుడు ఏరు ఆగింది. మిల్లు ఆనకట్ట నుంచి పైకి పదకొండు గుంటలు. చేపలన్నీ వాటిల్లో బందీలు. వానలు పడేలోపు వాటిని ఖాళీ చేసి అసలు జాతిని వదిలితే, కింద నుంచి ఆనకట్ట దాటి ఇంకేదీ పైకి రాలేదు. ఇలాంటి అదను నా సర్వీసులో మళ్ళీ రాదు. ఆ పదకొండింట్లో తొమ్మిది మీ గేటు లోపలున్నాయి."

"అంటే నేను తెచ్చినవి చంపేసి జానెడు చేపల్ని పెడతావు. జానెడు చేప కోసం డాలస్ నుంచి ఎవడొస్తాడు?"

"ఇంకెక్కడా దొరకదంటే వస్తారండీ."

"సంకరం సంకరం అంటున్నావు, డాక్టరమ్మా" అన్నారు మామగారు గొంతు పెంచి. "నా మనవరాలు రమోనా సంకరమే. నాన్న జర్మన్ల బిడ్డ, అమ్మ మెక్సికన్. తొమ్మిదేళ్ళది. దానికంటే గట్టిపిండం ఈ కౌంటీలో ఉంటే పట్టుకురా, చూద్దాం!"

ఆయన ఆ మాట ప్రేమతోనే అన్నారు. అందుకే నా నోరు ఊరుకోలేదు. టీ గ్లాసులు బల్ల మీద పెట్టి అన్నాను:

"రమోనాని ఎవరూ పాల క్యాన్లో పోసి తేలేదు మామయ్యగారూ. నేనూ మీ అబ్బాయీ ఇష్టపడ్డాం, చర్చిలో నలుగురి ముందూ సరేనన్నాం. ఆ చేపల్ని సరేనా అని ఎవరడిగారు?"

వెర్నా గ్లాసులోకి తల వంచేసింది. మామగారు టోపీ పెట్టుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "గేటు నాది" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి డెల్బర్ట్ ఫోన్ చేశాడు. "నాన్నతో పెట్టుకోకు, ఒరాలియా."

"నేనేం పెట్టుకోలేదు. మాటకి మాట అన్నాను."

"దాన్నే పెట్టుకోవడం అంటారు మా ఇంట్లో."

ఊళ్ళో ఈ సంగతి నాకంటే ముందే చేరింది. పశువుల దాణా కొట్టుకి వెళ్తే ఎమిల్ వీట్ బస్తాల మీద కూర్చుని, "ఏమ్మా, ప్రభుత్వం నీకు రబ్బరు బూట్లు ఇచ్చిందా, ఇంకా కొలతలే తీసుకుంటోందా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చి గిన్నెలు కొంచెం గట్టిగా తోమాను.

అయిదు వారాలు మామగారు నాతో మాట్లాడలేదు. భోజనం దగ్గర "ఉప్పు" అనేవారు. కాసేపాగి "చాలు" అనేవారు. అంతే.

ఆగస్టు పదో తారీకు పొద్దున లేచేసరికి ఆయన ఇంట్లో లేరు. చేతికర్ర మూలనే ఉంది, టోపీ లేదు. రమోనాని తలుపు వేసుకోమని చెప్పి ఏటి వంపుకి పరుగెత్తాను.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. పక్కన విడిది ఐస్ పెట్టె ఒకటి తేలుతోంది. గుంట నీళ్ళు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. నీళ్ళ మీద చేపలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి. అన్నిటికంటే పెద్దవీ, అన్నిటికంటే రాగి రంగువీ ముందు చచ్చాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో తీసి, నీళ్ళు ఓడనిచ్చి, పెట్టెలో వరసగా పడుకోబెడుతున్నారు.

నేను చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాను. ఇద్దరం కలిసి ఏరాం.

"చల్లటి నీళ్ళ చేపలు" అన్నారు మామగారు. "ఇక్కడి ఎండలకి ఆగవని అప్పుడు చెప్పినవాడు లేడు." ఇంకో చేపని తీశారు. "నేను అడగనూ లేదులే."

నేను ఇంకో చేపని తీసి ఆయనకి అందించాను.

"మీ నాన్న పచ్చ బాస్ పట్టేవాడు కదా" అన్నారు. "ఎక్కడ పట్టేవాడు?"

పన్నెండేళ్ళలో ఆయన మా నాన్న ఊసెత్తడం అదే మొదలు. మా నాన్న ఎలీహియో కాంతూ మేకల బొచ్చు కత్తిరించే ముఠాలో పని చేసేవాడు. ఏడాదికి రెండుసార్లు ముఠా ష్రాడర్ల మేకల దొడ్లో దిగి నెలేసి రోజులుండేది. నా పెళ్ళికి నాలుగేళ్ళ ముందే పోయాడు.

"మీ నేలలోనే పట్టేవాడు" అన్నాను.

"అది తెలుసు. ఎక్కడా అని."

"లోయలో జలపాతం పైన. ఊటగుంటలో. ఆదివారాలు నన్ను కూడా తీసుకెళ్ళేవాడు."

"అక్కడ కంచె ఉంది."

ముప్పై ఏళ్ళ దొంగతనం. గొంతు సవరించుకుని చెప్పేశాను. "దూకేవాళ్ళం, మామయ్యగారూ."

ఆయన ఇంకో చేపని పెట్టెలో సర్దారు.

"మూడో గుంజ దగ్గర తీగ కిందికి వంగి ఉండేది" అన్నారు. "మట్టిలో ఒక పెద్ద బూటు గుర్తు, పక్కనే చిన్న బూటు గుర్తు. ఏటా కంచె అంతా బాగుచేసేవాణ్ణి. ఆ ఒక్కచోట మటుకు వదిలేసేవాణ్ణి."

ఆయన మొహం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. "మూత పట్టుకో" అన్నారు. ఐస్ పెట్టె మూత ఎత్తి పట్టుకున్నాను.

చివరి చేపని లోపల పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, లోయ వైపు చూశారు. "ఆ జలపాతం పన్నెండడుగులు. రాగి బాస్ ఎంత గెంతినా అంత ఎత్తు ఎక్కలేదు." పెట్టెని ఒడ్డు వైపు తోశారు. "ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి, అమ్మాయ్."

రెండు రోజుల తర్వాత ముగ్గురం లోయలోకి బయల్దేరాం. మీరు రావద్దంటే మామగారు వినలేదు. మామూలుగా అరగంట దారి మాకు రెండు గంటలు పట్టింది. మూడో గుంజ దగ్గర తీగ ఇంకా అలాగే వంగి ఉంది. ఆయన బూటుతో దాన్ని ఇంకా కిందికి తొక్కిపట్టి, "దూకు. నీకు అలవాటేగా" అన్నారు. నేను దూకాను. ఆయన మోకాళ్ళకి అది సాధ్యమయ్యే పని కాదు. జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, తన కంచెని తనే తెంపుకుని లోపలికొచ్చారు. వెర్నా నోరెళ్ళబెట్టింది.

ఊటగుంట నేను అనుకున్నంత చిన్నదేం కాదు. కొండ పగుల్లోంచి నీళ్ళు ఊరి, రెండు గదులంత గుంటలో నిండి, రాళ్ళ మధ్య సన్నటి కాలవలా ఉరికి జలపాతం అంచుకి పోతున్నాయి. లోకమంతా మాడిపోతున్నా ఆ నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి.

వెర్నా నా చేతికి తేలికపాటి గాలం కర్ర ఇచ్చింది. పెళ్ళయ్యాక నేను గాలం పట్టలేదు. మా విడిదిలో గాలం అతిథులది, గరిటె నాది. ఒక మిడతని పట్టి ముల్లుకి గుచ్చాను. మొదటిసారి గుంట మధ్యలో వేశాను. ఏమీ లేదు. రెండోసారీ ఏమీ లేదు. వెనక మామగారు దగ్గారు. అప్పుడు మా నాన్న మాటలు చెవి పక్కనే అన్నట్టు వినపడ్డాయి: నిలవనీళ్ళలో వెతక్కు పిల్లా, అది సోమరి చేప కాదు, నీళ్ళు ఉరికే చోట రాయి వెనక నిలబడుతుంది.

కాలవలో మూడో రాయి వెనక్కి మిడతని విసిరాను.

అది ముట్టుకోవడం కాదు, కొట్టడం. కర్ర విల్లులా వంగింది. దారం నీళ్ళని కోసుకుంటూ ఉరవడిలోకి పోయింది. నేను రాళ్ళ మీద జారి, మడమ చీరుకుపోయి, కూలబడి కూడా కర్ర వదల్లేదు. "వదులు, కొంచెం వదులు! ఇప్పుడు లాగు! లాగమంటే అలా కాదు!" అని మామగారు అరుస్తున్నారు. "నాకు తెలుసు!" అని నేనూ అరిచాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటూనే దాన్ని ఒడ్డుకి తెచ్చాం.

జానెడు చేప. తడి వీపు పచ్చగా మెరుస్తోంది, పక్కల నల్లటి మచ్చలు వరసగా ఉన్నాయి. వెర్నా దాన్ని తడి చేతులతో పట్టుకుని, రెక్క చివర కత్తిరించి చిన్న సీసాలో వేసి, మెల్లగా నీళ్ళలోకి జార్చింది.

"ఇదేనా?" అన్నాను.

"చూడ్డానికి ఇదే. కానీ నేను చూపుని నమ్మను. ఇంకా పట్టు."

మధ్యాహ్నానికి ఇరవై మూడు పట్టాను. మామగారు రాయి మీద కూర్చుని టోపీ ఒళ్ళో పెట్టుకున్నారు. "నా చిన్నప్పుడు ఏరంతా ఇవే" అన్నారు వెర్నాతో. "పక్క ఊళ్ళవాళ్ళ చేపలు పెద్దవి. మనవి ఇంత పొట్టివేంటని సిగ్గుపడేవాళ్ళం. ఆ సిగ్గుతోనే టెనెసీ దాకా పోయాం."

ఫలితం రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజుల్లో కింద ఇంకో మూడు గుంటలు సగమయ్యాయి. ఫోన్ మోగిన ప్రతిసారీ మామగారు లేవబోయి, లేవనట్టు నటించేవారు. చివరికి ఒక శుక్రవారం పొద్దున వెర్నా కేకలు ఫోన్లోంచి వంటగది అంతా వినిపించాయి. ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు.

"మెల్లగా చెప్పు. మళ్ళీ చెప్పు."

"ఇరవై మూడుకి ఇరవై మూడండీ! అన్నీ అసలైనవే! ఈ ఏటివే!"

మామగారు గోడకి ఆనుకున్నారు. ఆయన ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. "గేటు తీసే ఉంటుంది" అన్నారు. "ఎప్పుడు రావాలో, ఏం చేయాలో మా కోడలిని అడుగు. పైన దారి తనకే తెలుసు."

ఆ శనివారం గాలాల క్లబ్బుని మా సావిట్లో కూర్చోబెట్టారు. ఇరవై మంది వచ్చారు. మామగారు నిలబడి సంగతంతా చెప్పారు. అందరికంటే ముందు ఎమిల్ వీట్ లేచాడు.

"హిల్మార్, పట్టిన చేపని వదిలెయ్యాల్సిందే, ఒక్కదాన్ని చంపినా క్లబ్బు నుంచి గెంటేస్తానని నలభై ఏళ్ళు మా ప్రాణం తోడేశావు. ఇప్పుడు అన్నీ చంపమంటావా?"

"చంపమనట్లేదు. తినమంటున్నా."

సావిడి గొల్లుమంది. ఎమిల్ తగ్గలేదు. "మరి గోడ మీదున్న నీ ఐదు పౌండ్ల మహారాజు? దాని రెక్క కూడా ఇచ్చావా పరీక్షకి?"

"ఇచ్చా. అదీ సంకరమే."

"దించుతావా మరి?"

"ఎందుకు దించుతా? నేను పట్టిందేగా!" అని, నవ్వులు తగ్గాక గొంతు తగ్గించారు. "క్యాన్లకి ఒకవైపు నువ్వు, ఒకవైపు నేను పట్టుకుని దింపాం ఎమిల్. మనం తెచ్చిందే, మనమే తీద్దాం."

ఎమిల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "సరే. మరి వంట ఎవరు చేస్తారు? ఒరాలియాయేనా?"

"నువ్వు చెయ్యి" అన్నారు మామగారు. "ఒరాలియాకి ఏట్లో పని ఉంది."

సెప్టెంబరులో మూడు శనివారాలు మా గట్టు మీద తిరునాళ్ళయింది. వెర్నా మనుషులు నీళ్ళలోకి కరెంటు పంపే పడవ తెచ్చారు. అది గుంటలోకి వెళ్తే చేపలు స్పృహ తప్పి తేలేవి. బాస్‌లు తప్ప మిగతావాటిని తేరుకున్నాక వదిలేసేవాళ్ళం. పడవ పోలేని వేళ్ళ సందుల్లో గాలాలు, వలలు. నడుం దాకా రబ్బరు ప్యాంటు వేసుకుని ఏ గుంటకి ఎవరు పోవాలో నేనే చెప్పేదాన్ని. మొదటి శనివారం నా మాట ఎవరూ వినలేదు. మూడో శనివారానికి ఎమిల్ కూడా గరిటె పట్టుకుని గట్టు మీంచి, "ఒరాలియా, ఇప్పుడెటు?" అని అడగసాగాడు. ఎమిల్ భార్య చేపల్ని మొక్కజొన్న పిండిలో ముంచి ఇస్తే అతను వేయించేవాడు. చర్చి వాళ్ళు బంగాళాదుంపల సలాడ్ తెచ్చారు. మా అమ్మ వైపు బంధువులు నాలుగు కార్లలో బీన్సూ, వేడి రొట్టెలూ పట్టుకొచ్చారు. పన్నెండేళ్ళలో ఆ రెండు వంటలూ ఒక బల్ల మీద ఉండగా నేను చూడ్డం అదే మొదలు. సెలవు పెట్టి వచ్చిన డెల్బర్ట్, వాళ్ళ నాన్నకీ మా మేనమామకీ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఇద్దరూ చెప్పే చేపల అబద్ధాలకి మధ్యలో తల ఊపుతున్నాడు.

మొత్తం రెండు వేల నూట ఎనభై ఏడు బాస్‌లు పట్టాం. పదకొండో గుంటలో రెండుసార్లు పడవ తిప్పినా, మూడోసారి తిప్పినా ఒక్క బాస్ కూడా తేలలేదు. వెర్నా నీళ్ళలోనే నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటికే ఊటగుంట నుంచి నలభై చేపల్ని చల్లటి తొట్టెల్లో మేం భుజాల మీద మోసి దింపాం. అవి గుడ్లు పెట్టి పిల్లలు చేసే కేంద్రానికి వెళ్ళిపోయాయి.

ఇక వాన కోసం చూశాం. అక్టోబరు ఎనిమిదిన వచ్చింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున మామగారు నన్ను పిలిచి వరండాలోకి తీసుకెళ్ళి, మాట్లాడొద్దన్నట్టు వేలు చూపించారు. కింద ఏరు మోగుతోంది. ఇద్దరం కాఫీ చల్లారేదాకా అలాగే నిలబడ్డాం.

మే నెలలో వెర్నా ట్రక్కు వచ్చింది. వేలెడంత పిల్లలు, పద్దెనిమిది వేలు, నీళ్ళు నింపిన సంచుల్లో. ఊరంతా గట్టు మీదే ఉంది. ఒక్కొక్కరూ ఒక్కో సంచి తీసుకుని నీళ్ళలో తేల్చి, ఏటి చల్లదనం వాటికి అలవాటయ్యాక మూతి విప్పాలి. రమోనా మూడు సంచులు విప్పింది, నాలుగో దానికి గొడవపడింది. ఎవరో మామగారిని నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయనకి ప్రసంగాలు చేతకావు. టోపీ తీసి ఇలా అన్నారు:

"ఈ చేపని ష్రాడర్లు కాపాడలేదు. కొండ కాపాడింది. అది అక్కడుందని తెలిసినవాడు ఎలీహియో కాంతూ. నా మేకల బొచ్చు తీసేవాడు. ఆదివారాలు నా కంచె దూకేవాడు. మంచి పని చేశాడు."

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. మా అమ్మ రుమాలు తీసింది. నేను సంచి మూతి విప్పుతూ నీళ్ళ వైపు తిరిగిపోయాను. వేలెడు పిల్లలు ఒక్క క్షణం గుంపుగా ఆగి, ఎవరో పిలిచినట్టు ఒక్కసారి ఉరవడి వైపు తిరిగాయి.

తర్వాతి ఏడు వెర్నా వంద చేపల రెక్కలు పరీక్షించింది. తొంభై ఎనిమిది అసలైనవి. మిగతా రెండూ ఏ వేళ్ళ సందులో దాక్కుని తప్పించుకున్నాయో! "వాటినీ పట్టేస్తాం" అంది వెర్నా. "పోనీ డాక్టరమ్మా, రెండేగా, ముసలివాళ్ళు" అన్నారు మామగారు.

రెండో వసంతానికి మా ఆరు గదులూ ఆరు వారాల ముందే నిండిపోయాయి. మానేసిన డాలస్ వాళ్ళు వచ్చారు. ఇంకెక్కడా దొరకని చేపట కదా అని ఒకాయన ఏకంగా నార్వే నుంచి వచ్చాడు. వంటకి ఊళ్ళోంచి ఒకావిడని పెట్టాం. పడవల మీద నేను.

ఏప్రిల్లో ఒక ఆదివారం, అతిథులంతా వెళ్ళిపోయాక, మామగారు చేతికర్రతో పడవల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఖాళీ ఉందా?" అని అడిగారు, కొత్తగా వచ్చిన అతిథిలా.

ఆయన్ని ముందు కూర్చోబెట్టి, మిల్లు పైన ఉరవడి దాకా తెడ్డు వేశాను. ఎనభై ఏళ్ళ చేతులు గాలాన్ని రాయి వెనక్కి వేశాయి, సరిగ్గా గీత గీసినట్టు. వెంటనే దెబ్బ పడింది. కర్ర వంగింది, పడవ పక్కకి ఒరిగింది, ఆయన టోపీ ఏట్లో పడి కొట్టుకుపోయింది. "వదులు! కొంచెం వదులు!" అని నేను అరిచాను. "నాకు తెలుసే!" అని ఆయన అరిచారు. చేప రెండుసార్లు గాల్లోకి లేచింది, ఎండలో పచ్చగా. తీరా పడవ దాకా వచ్చాక చూస్తే ఎంతుంది? జానెడు. దాన్ని చేతిలోకి తీసుకుని ఆయన మొహం దగ్గర పెట్టుకున్నారు.

"ఇంత పొట్టిదానికి ఇంత పొగరేంటే నీకు?"

చేప తోక కొట్టి, మొహం మీద నీళ్ళు చిమ్మి, చేతిలోంచి జారిపోయింది. మామగారు అంత పగలబడి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మీసాల్లోంచి నీళ్ళు కారుతుండగా వెనక్కి తిరిగారు.

"పైకి పద అమ్మాయ్. అక్కడ ఇంకోటి ఉంటుంది."

"ఒకటేంటి మామయ్యగారూ, ఏరంతా అవే" అన్నాను. తెడ్డు నీళ్ళలో దించి, ఏటికి ఎదురు తోశాను.